చిన్న భాగం చెడితే మొత్తం పారేయాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు: కొన్న వస్తువు నిలవడం లేదు. అందుకే మిగతా సందేహాలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి చోటంతా దీనికే ఇస్తున్నాను. చెడిపోయిన బోర్డులను ముందు పెట్టుకుని కూర్చోవడం 29 ఏళ్లుగా నా పని. కంటితో చూసింది, మీటరుతో కొలిచింది చెబుతాను.

ప్రశ్న: మా పాత పిక్చర్ ట్యూబ్ టీవీ 19 ఏళ్లు పనిచేసింది. మధ్యలో రెండు మూడు సార్లు బాగుచేయించాం, అంతే. తరువాత కొన్న పలచటి టీవీకి నాలుగో ఏటనే బొమ్మ పోయింది, మాట మాత్రం వినిపిస్తోంది. చూడడానికి వచ్చిన మెకానిక్ ‘తెర మొత్తం మార్చాలి, అంతకన్నా కొత్తది కొనుక్కోవడం మేలు’ అన్నాడు. కంపెనీలు కావాలనే త్వరగా చెడిపోయేలా తయారుచేస్తున్నాయా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: అయ్యా, ముందు మీ టీవీ సంగతి చూద్దాం. దాన్ని ఇంకా వదిలించుకోకపోతే ఈ రాత్రి ఒక పని చేయండి. గదిలో దీపాలన్నీ ఆర్పి టీవీ ఆన్ చేయండి. మాట వినిపిస్తున్నప్పుడు టార్చిలైటును తెరకు బాగా దగ్గరగా, ఏటవాలుగా పట్టుకుని చూడండి. వెలుగు పడిన చోట మసకమసకగా మనుషులు కదులుతూ కనిపిస్తే మీ తెర బతికే ఉంది. బొమ్మ వస్తూనే ఉంది. దాని వెనుక వెలగాల్సిన దీపాలు ఆరిపోయాయి.

ఈ రకం తెర తనంతట తాను వెలగదు. వెనుక ఒక రేకు మీద ఎల్ఈడీ పట్టీలు బిగించి ఉంటాయి. ఆ ఎల్ఈడీలను దండలో పూసల్లా ఒకదాని తరువాత ఒకటిగా కలుపుతారు. ఒకటి మాడి తెగిపోతే ఆ వరుసంతా ఆరిపోతుంది. తేడా పసిగట్టిన రక్షణ సర్క్యూట్ మిగతా వరుసలను కూడా ఆపేస్తుంది. కిందటి వారం అలాంటి టీవీనే ఒకటి విప్పాను. తెరను పైకి తీసి పక్కన పెట్టి, పాలలా తెల్లగా ఉండే పొరలను ఒక్కొక్కటిగా ఎత్తితే, అడుగున పట్టీల మీద గాజు బొట్టుల్లాంటి కటకాలు కనిపించాయి. అన్నీ తేటగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం లోపల పసుపు రంగుకు తిరిగింది. దాన్ని ఊడదీసి చూస్తే కింద ఎల్ఈడీ నడుమ గుండుసూది తలంత నల్లటి మచ్చ. మిగతా వాటికి ఒక్కొక్క దానికే విడిగా కరెంటు ఇచ్చి చూశాను. అన్నీ వెలిగాయి. ఆ ఒక్క మచ్చ కారణంగా అంత పెద్ద టీవీని చెత్తలో వేయడానికి ఆ ఇంటివారు సిద్ధపడ్డారు.

మీ ఇంటికి వచ్చిన మెకానిక్‌ను నేను తప్పుపట్టను. పట్టీలు మార్చాలంటే కొంచెం బరువు పడితే పగిలిపోయే గాజు తెరను పూర్తిగా పైకి తీయాలి. దాని అంచున ఉండే సన్నటి రిబ్బన్లలో ఒక్కటి నలిగినా ఆ తెర నిజంగానే పోతుంది. ఆ భయంతో చాలామంది ఆ పని ఒప్పుకోరు. తెర విప్పి పట్టీలు మార్చిన అనుభవం ఉన్నవారిని అడిగి వెతుక్కోండి. బాగుపడ్డాక సెట్టింగుల్లో ‘బ్యాక్‌లైట్’ అన్నదాన్ని సగానికి తగ్గించండి. చాలా టీవీలను కొనేవారి కళ్లు చెదరాలని ఎక్కువ వెలుగుతో అమర్చి పంపుతారు. ఆ వెలుగుకు సరిపడా కరెంటు పారి, ఎల్ఈడీలు వేడెక్కి మాడిపోతాయి.

ఇక కావాలనే చేస్తున్నారా అన్న ప్రశ్న. ఇన్నేళ్లలో వేల పరికరాలు విప్పాను. ఫలానా రోజుకు ఆగిపొమ్మని చెప్పే గడియారం ఒక్కదానిలోనూ కనిపించలేదు. కనిపించిందల్లా లెక్క. ఆ లెక్క ఎలా ఉంటుందో ఒక కెపాసిటర్‌ను, అంటే కరెంటును కాసేపు నిల్వ ఉంచే చిన్న భాగాన్ని, చూపించి చెబుతాను. పవర్ సప్లై బోర్డు మీద వేలి కొసంత డబ్బాలు నిలబడి ఉంటాయి, లోపల తడి ద్రవం ఉంటుంది. డబ్బా ఒంటి మీద 105 డిగ్రీలు అని అచ్చు వేసి ఉంటుంది. ఆ వేడి దగ్గర 2,000 గంటలు పనిచేస్తుందని తయారీదారు పత్రంలో రాస్తాడు. వేడి 10 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు రెట్టింపు అవుతుందన్నది మా వృత్తిలో అందరూ వాడే మోటు లెక్క. అంటే 75 డిగ్రీల దగ్గర 16,000 గంటలు. రోజుకు 8 గంటలు టీవీ నడిస్తే అయిదున్నరేళ్లు. అదే డబ్బాను వేడెక్కే ట్రాన్సిస్టర్‌కు కొంచెం దూరంగా పెట్టి 65 డిగ్రీల దగ్గర ఉంచితే 32,000 గంటలు, దాదాపు 11 ఏళ్లు. బోర్డు గీసే ఇంజినీరుకు ఈ లెక్క బాగా తెలుసు. 5,000 గంటల రకం కెపాసిటర్ కూడా దొరుకుతుంది. అయినా పెట్టె పలచబడాలి, బోర్డు చిన్నదవ్వాలి, ఒక్కో భాగం మీద కొంత మిగలాలి అని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు, ఆ డబ్బా వెళ్లి వేడి పక్కనే కూర్చుంటుంది. పేరు ఏదైనా పెట్టుకోండి, వారంటీ దాటితే చాలన్న లెక్క అది. నాకు అది సమ్మతం కాదు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ‘మధ్యలో రెండు మూడు సార్లు బాగుచేయించాం, అంతే’ అని రాశారు. మీ పాత టీవీ కూడా చెడింది, అదీ రెండు మూడు సార్లు. పిక్చర్ ట్యూబ్ టీవీలలో లైన్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడం, టంకం పగుళ్లు ఇవ్వడం మాకు రోజూ ఉండే పనే. ఆ రోజుల్లో తయారైనవన్నీ ఉక్కు ముద్దలన్న మాట పొరపాటు. అప్పుడే చచ్చిపోయిన టీవీలు ఇప్పుడు ఎవరి కళ్లకూ కనిపించవు, నిలిచినవే కనిపిస్తాయి. మీ టీవీని 19 ఏళ్లు నిలబెట్టింది దాని వెనుక మూత. నాలుగు స్క్రూలు తీస్తే ఊడివచ్చేది. కొన్ని పెట్టెల లోపల సర్క్యూట్ బొమ్మ కూడా అంటించి ఉండేది. చెడిన భాగం ఒక్కటి తీసి మరొకటి వేసేవాళ్లం.

ఆయుష్షు తగ్గడం మన భ్రమ మాత్రం కాదు. జర్మనీ ప్రభుత్వ పర్యావరణ సంస్థ చేయించిన అధ్యయనంలో, కొన్న అయిదేళ్లలోపే చెడిపోయి మార్చాల్సి వచ్చిన పెద్ద గృహోపకరణాల వాటా 2004లో 3.5 శాతం ఉంటే 2012 నాటికి 8.3 శాతం అయింది. నూటికి 8 అంటే చిన్నదిగా అనిపించవచ్చు. ఎనిమిదేళ్లలో అది రెట్టింపు దాటిందన్నదే నన్ను కలవరపెడుతోంది.

ప్రశ్న: ఎల్ఈడీ బల్బు అట్టపెట్టె మీద 25,000 గంటలు అని రాసి ఉంది. ఏడాది తిరగకుండానే మిణుకుమని ఆరిపోయింది. ఒకప్పుడు బల్బు కంపెనీలన్నీ కూడబలుక్కుని ఆయుష్షు తగ్గించాయని విన్నాను. నిజమేనా? ఇప్పుడు కూడా అదే జరుగుతోందా?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: కూడబలుక్కున్న మాట నిజం. 1924 డిసెంబరులో జెనీవాలో ఓస్రామ్, ఫిలిప్స్ వంటి పెద్ద బల్బు కంపెనీలు ఒక ఒప్పందానికి వచ్చాయి. దాన్ని ఫీబస్ కార్టెల్ అంటారు. అప్పటికి 1,500 నుంచి 2,000 గంటలు వెలుగుతున్న బల్బులను 1,000 గంటలకు దించాలన్నది అందులో ఒక షరతు. సభ్యుల బల్బుల నమూనాలు తెప్పించి పరీక్షించేవారు. గీత దాటి ఎక్కువ కాలం వెలిగిన బల్బుకు జరిమానా ఉండేది! రెండో ప్రపంచ యుద్ధంతో ఆ ఒప్పందం చెదిరిపోయింది.

దీనికి మరో పక్క కూడా ఉంది, అది దాచిపెట్టి చెప్పడం న్యాయం కాదు. ఫిలమెంట్ తీగ ఎక్కువ కాలం నిలవాలంటే తక్కువ వేడి మీద వెలగాలి. అప్పుడు అదే కరెంటుకు వెలుగు తగ్గిపోతుంది. 1951లో బ్రిటన్‌లో గుత్తాధిపత్యాల మీద వేసిన కమిషన్ కూడా ఈ మాట ఒప్పుకుంది. అయినా నా మనసు ఆ కంపెనీల వైపు మొగ్గదు. వెలుగు కోసమే అయితే రెండు రకాలూ తయారుచేసి, ఏది కావాలో కొనేవారినే తేల్చుకోమనేవారు కదా. జరిమానాలతో పనేమిటి?

ఇక మీ బల్బు. ఆ 25,000 గంటలు ఎక్కడి నుంచి వచ్చాయంటే, సాధారణంగా ఎల్ఈడీ వెలుగు మొదట ఉన్నదానిలో 70 శాతానికి పడిపోయే వరకు పట్టే కాలం అది. ఎల్ఈడీ అంత కాలం నిలవగలదు. దాని కింద, తెల్లటి మెడలో, ఇంటి కరెంటును ఎల్ఈడీకి తగ్గట్టు మార్చే చిన్న బోర్డు ఉంటుంది. పైన చెప్పిన కెపాసిటర్ చాలా బల్బుల్లో అక్కడ కూడా ఉంటుంది. ఎల్ఈడీల వేడి బయటికి పోయే దారి లేక ఆ మెడలోకే దిగుతుంది. మీరు రాసిన ‘మిణుకుమని’ అన్న మాటను బట్టి చూస్తే, నాకు ఆ బోర్డు మీదే అనుమానం. బల్బును గాలి ఆడని గాజు గిన్నెలో మూసి పెట్టారేమో చూడండి. అలా పెడితే ఏ బల్బయినా త్వరగా పోతుంది. కొనేటప్పుడు చేతిలో కొంచెం బరువుగా ఉన్నదాన్ని ఎంచుకోండి. లోపల వేడిని లాగే లోహం ఉండే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: రెండేళ్ల ఫోను. 40 శాతం చార్జింగ్ ఉందని చూపిస్తూనే హఠాత్తుగా ఆగిపోతోంది. నెమ్మదించింది కూడా. అప్‌డేట్ పేరుతో కంపెనీలే పాత ఫోన్లను నెమ్మది చేస్తాయని అందరూ అంటున్నారు. కొత్తది కొనక తప్పదా?
– ఉద్యోగిని

జవాబు: కొనకండి. మీరు చెప్పిన లక్షణం బ్యాటరీది. లిథియం అయాన్ బ్యాటరీని చార్జి చేసి వాడిన ప్రతిసారీ లోపల పలకల మీద ఒక పొర కొద్దికొద్దిగా మందమవుతుంది. కరెంటు బయటికి రావడానికి అడ్డు పెరుగుతుంది. పాచి పట్టి సన్నబడిన గొట్టాన్ని ఊహించుకోండి. చుక్కచుక్కగా వాడుకుంటే నీళ్లు వస్తూనే ఉంటాయి, ఒక్కసారిగా కొళాయి మొత్తం తిప్పితే ధార పడిపోతుంది. కెమెరా తెరిచినప్పుడో, ఆట మొదలుపెట్టినప్పుడో ప్రాసెసర్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. వోల్టేజీ కిందికి జారుతుంది. ఫోను ఆగిపోతుంది. 40 శాతం అన్న అంకె అబద్ధం కానక్కర్లేదు. శక్తి లోపల ఉంది, కానీ అడిగినంత వేగంగా బయటికి రాలేకపోతోంది.

నెమ్మది చేసిన కథ కూడా జరిగిందే. ముసలి బ్యాటరీ ఉన్న ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్ తగ్గిస్తోందని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. హఠాత్తుగా ఆగిపోకుండా ఉండడానికే అలా చేశామంది. ఇప్పుడు చెప్పిన వోల్టేజీ సంగతి చూస్తే అది సాంకేతికంగా సరైన కారణమే. ఆ విషయం వినియోగదారులకు చెప్పలేదని 2020లో ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థ 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. చెప్పి ఉంటే ఏమయ్యేది? ఎంతోమంది బ్యాటరీ ఒక్కటి మార్పించుకుని అదే ఫోను వాడుకునేవారు. చెప్పకపోవడం వల్ల, ఫోను ముసలిదైపోయిందనుకుని కొత్తది కొన్నారు. ఆ మౌనాన్ని నేను క్షమించలేను.

నన్ను ఇంకా బాధపెట్టేది జిగురు. ఒకప్పుడు ఫోను వెనుక మూత గోటితో తీసి, బ్యాటరీని వేలితో ఎత్తి, మరొకటి పెట్టేవాళ్లం. అరనిమిషం పని. ఇప్పుడు ఏం చేస్తామో వినండి. వెనుక గాజును వేడి పలక మీద పెట్టి జిగురు మెత్తబడే దాకా ఆగాలి. పలచటి ప్లాస్టిక్ రేకును అంచు కింద దూర్చి, వెంట్రుక వాసి చొప్పున చుట్టూ తిప్పాలి. లోపల బ్యాటరీ మళ్లీ జిగురుతోనే అంటుకుని ఉంటుంది. దాని అంచున ఆల్కహాల్ చుక్కలు వదిలి, కరిగే దాకా కూర్చుని, వంచకుండా ఎత్తాలి. వంగినా, గీరుకున్నా మంట లేవవచ్చు. ఈ పని చేసే ప్రతిసారీ నా ఊపిరి బిగబట్టే ఉంటుంది. నీళ్లు లోపలికి పోకుండా ఉండడానికే జిగురు అంటారు. నీటికి తట్టుకునే వాచీల వెనుక మూతలు రబ్బరు వలయంతో, స్క్రూలతో ఎన్నో దశాబ్దాలుగా బిగిస్తున్నారు. చేయాలనుకుంటే దారి ఉంది.

కాస్త ఊరట కలిగించే మార్పు ఒకటి వచ్చింది. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమ్మకానికి తెచ్చే కొత్త నమూనా స్మార్ట్‌ఫోన్ల బ్యాటరీలు 800 సార్లు చార్జి చేశాక కూడా కనీసం 80 శాతం శక్తి నిలుపుకోవాలని నియమం పెట్టారు. అమ్మకం ఆపేశాక 7 ఏళ్ల దాకా ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి, కనీసం 5 ఏళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వాలి. ఒకే నమూనా ఫోనును దేశదేశాల్లో అమ్ముతారు కనుక ఆ మేలు ఆ గీతల లోపలే ఆగదని నా ఆశ.

మీరు చేయాల్సింది: నమ్మకమైన చోట మంచి బ్యాటరీ వేయించుకోండి. ఆ తరువాత ఫోనును వేడి నుంచి కాపాడండి. ఎండ పడే చోట, దిండు కింద చార్జింగ్ పెట్టవద్దు. నిండా చార్జి చేసి వేడిలో వదిలేయడం బ్యాటరీకి చేసే అన్నింటికన్నా పెద్ద హాని.

ప్రశ్న: మీరు ప్రతి నెలా బాగుచేయించుకోండి, బాగుచేయించుకోండి అంటారు. పాతికేళ్ల ఫ్రిజ్‌ను పట్టుకుని కూర్చుంటే కరెంటు దండగ కాదా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ మాటలో న్యాయం ఉంది. ఫ్రిజ్ ఏళ్ల తరబడి రాత్రీ పగలూ నడుస్తుంది. దాని జీవితంలో ఖర్చయ్యే శక్తిలో ఎక్కువ భాగం వాడకంలోనే పోతుంది. ఆ పాతికేళ్లలో ఫ్రిజ్‌ల విషయంలో నిజంగానే పొదుపు పెరిగింది. ప్లగ్గుకూ సాకెట్టుకూ మధ్య పెట్టే చిన్న మీటరు దొరుకుతుంది. వారం రోజులు కొలిచి, కొత్తదాని లేబుల్ మీద ఉన్న అంకెతో పోల్చుకోండి. తేడా పెద్దదైతే మార్చేయండి. ఫోను, లాప్‌టాప్ మాత్రం ఇందుకు పూర్తిగా తిరగబడిన లెక్క. ఫోను వల్ల పర్యావరణానికి కలిగే భారంలో అధిక భాగం అది మన చేతికి రాకముందే, గనుల్లో, చిప్పుల కర్మాగారాల్లో జరిగిపోతుంది. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని, అందులో నాలుగో వంతు కూడా పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదు కాలేదని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. ఫోనును ఇంకో రెండేళ్లు వాడితే ఆ భారం నేరుగా తగ్గుతుంది.

ప్రశ్న: మా వారు పోయి ఎనిమిది నెలలైంది. ఆయన గొంతు ఉన్న రికార్డింగులన్నీ ఆయన ఫోనులోనే ఉన్నాయి. మొన్న తీసి చూస్తే ఆన్ కావడం లేదు, వెనుక మూత కొంచెం లేచినట్టుంది. ఒకరికి చూపిస్తే పాత ఫోను, భాగాలు దొరకవు, పారేయమన్నారు. ఫోను నాకు అక్కర్లేదు. ఆ గొంతు కావాలి.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, పారేయకండి. చార్జింగ్ కూడా పెట్టకండి. మూత లేచిందంటే లోపల బ్యాటరీ ఉబ్బింది. నొక్కకుండా, గుచ్చకుండా, మండే వస్తువులకు దూరంగా, చల్లటి చోట గట్టి పలక మీద ఉంచి, వీలైనంత త్వరగా బోర్డు పని తెలిసిన టెక్నీషియన్ దగ్గరకు తీసుకెళ్లండి. నెలల తరబడి బీరువాలో పెట్టవద్దు. ఉబ్బిన బ్యాటరీ ఇంట్లో ఉండడం ప్రమాదం. పైగా రికార్డింగులు దాగి ఉండే ఫ్లాష్ మెమరీ చిప్‌లో రాతలన్నీ నిలిచేది చిక్కిన విద్యుదావేశం రూపంలోనే. కరెంటు లేకుండా ఏళ్లు గడిస్తే అది మెల్లగా కారిపోవచ్చు. ఎనిమిది నెలలకు భయపడాల్సిన పని లేదు.

అక్కడ ఇలా చెప్పండి: ‘ఫోను బాగుకానక్కర్లేదు. ఒక్కసారి ఆన్ అయితే చాలు.’ ఈ మాటతో పని చాలా మారిపోతుంది. తెర పగిలినా, స్పీకర్ పోయినా పట్టించుకోవాల్సిన పని లేదు. ఆ ఉబ్బిన బ్యాటరీని తీసేసి, బయటి నుంచి పవర్ సప్లైతో బోర్డుకు కరెంటు ఇచ్చి చూడవచ్చు. మీరు చెప్పినదాన్ని బట్టి బ్యాటరీ ఒక్కటే పోయి ఉండే అవకాశం బాగా ఉంది. మెమరీ చిప్ ఊడదీసి వేరే దానిలో పెట్టి చదువుతామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. కొన్నేళ్లుగా వస్తున్న ఫోన్లలో లోపలి సమాచారమంతా తాళం వేసి ఉంటుంది, ఆ తాళంచెవి అదే బోర్డు మీది ప్రాసెసర్‌లో ఉంటుంది. రెండూ విడిపోతే ఎవరూ తెరవలేరు. ‘రీసెట్ చేద్దాం’ అన్న మాటకు అసలే తల ఊపవద్దు.

ఈలోగా ఆయన ఫోను తెరిచే అంకెల కోసం వెతకండి. డైరీలు, పర్సులోని చీటీలు, పుట్టినరోజులు. తప్పుడు అంకెలు పదే పదే కొట్టవద్దు, ఫోను తాళం పడిపోతుంది. ఆయన ఎవరెవరికి వాయిస్ మెసేజ్‌లు పంపేవారో గుర్తు తెచ్చుకుని వారిని అడగండి. పిల్లలు, స్నేహితులు, ఆఫీసులో తోటివారు. వారి ఫోన్లలో ఆ గొంతు ఉండి ఉండవచ్చు, వారికి ఆ సంగతి తట్టి ఉండదు.

ఫోను ఆన్ కాగానే అప్‌డేట్ ఏదైనా అడిగితే వద్దనండి. ముందు రికార్డింగులను ఒక కంప్యూటర్‌లోకి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. టెక్నీషియన్ ఎదుటే కూర్చుని, రెండు చోట్లా ఒక్కొక్కటీ తెరిచి, చివరి దాకా విని చూసుకుని, అప్పుడు లేవండి.